పెద్ద బండికి రెండో యజమాని ఎవరు?

2018 నవంబర్‌లో మహీంద్రా అల్టురాస్ జీ4 అనే పెద్ద ఎస్‌యూవీని మార్కెట్లోకి తెచ్చింది. షోరూమ్ ధర దాదాపు 27 లక్షల నుంచి 30 లక్షలు. కొరియాలో శాంగ్‌యాంగ్ రెక్స్‌టన్ పేరుతో అమ్ముడైన బండే ఇక్కడ ఈ పేరుతో వచ్చింది. మెర్సిడెస్ నుంచి తీసుకున్న ఏడు గేర్ల ఆటోమేటిక్, టాప్ మోడల్‌లో తొమ్మిది ఎయిర్‌బ్యాగులు, ఎండాకాలం వీపు చెమట పట్టకుండా గాలి తోలే సీట్లు ఉండేవి. ఇంచుమించు అంతే సొమ్ము పెట్టి ఆ ఏడాది ఫార్చ్యూనర్ కొన్నవారికి ఈ సౌకర్యాల్లో కొన్ని దొరకలేదు. అయినా ఇవాళ ఈ రెండు బండ్లనూ, ఒకే ఏడాదివి, ఒకే మాదిరిగా తిరిగినవి, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో అమ్మకానికి పెడితే ఫార్చ్యూనర్‌కు ఫోన్లు వెంటనే మొదలవుతాయి. అల్టురాస్ చూడటానికి వచ్చినవాళ్లు లోపల కూర్చుని, సీట్లు మెచ్చుకుని, ‘బండి బాగుంది గానీ దీనికి మార్కెట్ లేదు కదా’ అని లేచిపోతారు.

బండి మంచిదైతే ధర నిలుస్తుందనే నమ్మకం చాలామందిలో ఉంది. ఆ నమ్మకంతోనే ముప్పై, నలభై లక్షలు పెట్టి, ఐదేళ్లకు సగం కూడా రాక బాధపడేవాళ్లు మన రెండు జిల్లాల్లోనూ కనబడతారు. ఇంజిన్ బలం, తిరిగిన కిలోమీటర్లు, రంగు, యాక్సిడెంట్ చరిత్ర ఇవన్నీ ధర మీద పనిచేసే మాట నిజమే. కానీ పెద్ద ఎస్‌యూవీ విషయంలో ధర ఎంత వేగంగా పడుతుందో తేల్చేది ప్రధానంగా ఇంకొకటి. దాన్ని రెండోసారి కొనే మనిషికి, తాను ఉన్న ఊళ్లో ఆ బండిని నడుపుకోగలననే ధైర్యం ఉందా లేదా అన్నదే అది.

మొదటిసారి కొనేవారు, రెండోసారి కొనేవారు ఒకే రకం మనుషులు కారు. మన దగ్గర కొత్త పెద్ద ఎస్‌యూవీ కొనేది ఎక్కువగా కాంట్రాక్టర్లు, జీడిపప్పు వ్యాపారులు, భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల భూములు అమ్మినవాళ్లు, రాజకీయాల్లో ఉన్నవాళ్లు, డాక్టర్లు. వాళ్లకు బండి అవసరమే, కానీ నలుగురిలో ఒక హోదా కూడా. హోదా కోసం కొనేవాళ్లు కొత్తదే కొంటారు. వాళ్లు వదిలేసిన బండిని కొనడానికి వచ్చేవారి లెక్క వేరు. వారి చేతిలో పన్నెండు, పదిహేను లక్షలు ఉంటాయి. ఇంట్లో ఆరేడుగురు ఉంటారు. అరసవల్లికో సింహాచలానికో అందరూ ఒకే బండిలో వెళ్లాలి, పెళ్లిళ్ల సీజన్‌లో సామాను పట్టాలి, పదేళ్లు నడవాలి. కొత్త బండి ధరలో హోదాకు పోసిన సొమ్ములో రెండోసారి కొనేవారు ఒక్క రూపాయి కూడా ఇవ్వరు. పెద్ద బండి ధరలో మొదట కరిగిపోయేది ఆ భాగమే.

పైగా ఆ పన్నెండు, పదిహేను లక్షలకు వారికి వేరే దారులున్నాయి. ముప్పై లక్షల బండి సగం ధరకు దిగినప్పుడు దాని పోటీ కొత్త ముప్పై లక్షల బండితో కాదు. అదే సొమ్ముకు వచ్చే కొత్త క్రెటా, నెక్సాన్, బ్రెజా, స్కార్పియో క్లాసిక్‌లతో. వాటికి వారంటీ ఉంటుంది. బ్యాంకు లోను తేలిగ్గా వస్తుంది, వడ్డీ కూడా పాత బండి లోను కన్నా తక్కువ. చుట్టాలు ‘కొత్తదా?’ అని అడిగితే అవునని చెప్పొచ్చు. ఆరేళ్ల పాత పెద్ద బండి వీటన్నింటినీ దాటి మనసును లాగాలంటే ధర ఇంకా దిగాల్సిందే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బండి ధర సగానికి పడుతుంది, దాని ఖర్చు మాత్రం పడదు. పదిహేను లక్షలకు కొన్నా దాని టైర్లు ముప్పై లక్షల బండి టైర్లే. ఫార్చ్యూనర్ తరహా బండికి 18 అంగుళాల చక్రం, 265 వెడల్పు టైరు కావాలి. ఒక్కోటి పదిహేను వేల రూపాయల ప్రాంతంలో ఉంటుంది. నాలుగూ మార్చాల్సి వస్తే మధ్యతరగతి ఇంట్లో నెల జీతం పోయినట్టే. బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, టర్బో, ఇంజెక్టర్లు అన్నీ ఇదే లెక్క. ఇన్సూరెన్స్‌లో బండి విలువను బట్టి కట్టే భాగం ఏటేటా తగ్గినా, థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టం కోసం కట్టే భాగం, ఇంజిన్ సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1500 సీసీ దాటిన సొంత కారుకు ఏడాదికి 7,897 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకు 3,416 రూపాయలు. బండి కొత్తదైనా పన్నెండేళ్లదైనా ఈ లెక్కలో తేడా లేదు. సగం డబ్బున్నవారు పూర్తి డబ్బున్నవారి ఖర్చును మోయాల్సి వస్తుంది. పాత పెద్ద బండి ధర మీద పడే అసలు దెబ్బ ఇదే.

ఆ భయం హైదరాబాద్‌లో కన్నా మన జిల్లాల్లో ఎక్కువ, దానికి కారణం దూరం. మహీంద్రా, టాటా, మారుతి, హ్యుందాయ్ బండి ఆగిపోతే జిల్లా కేంద్రంలోనో, దగ్గరి పట్టణంలోనో చూసేవాళ్లు దొరుకుతారు. విదేశీ లగ్జరీ బండ్లకు, అమ్మకాలు తక్కువున్న కంపెనీల బండ్లకు మాత్రం విశాఖపట్నం వెళ్లక తప్పదు. విజయనగరం వాళ్లకు అది పెద్ద దూరమేమీ కాదు, అరవై కిలోమీటర్ల ప్రాంతం. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లు దాటుతుంది. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఇంకా చాలా దూరం. నడిచే స్థితిలో లేని రెండు టన్నుల బండిని ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి విశాఖ పంపడం, అక్కడ ‘పార్ట్ రావాలి సర్, పది రోజులు పడుతుంది’ అంటే వినడం, మళ్లీ బస్సెక్కి ఇంటికి రావడం, ఇదంతా ఒకసారి అనుభవించిన కుటుంబం ఆ కంపెనీ పేరెత్తితేనే వద్దంటుంది. ఆ మాట ఊరంతా పాకుతుంది. చిన్న ఊళ్లలో ఒక్క బండి కథ పది బండ్ల ధరను దించగలదు.

ఫార్చ్యూనర్ ధర నిలవడానికి కారణం కూడా ఇదే లెక్కలో దొరుకుతుంది. దాన్ని గొప్ప బండి అనేవాళ్లు, అనవసరపు ఖరీదు అనేవాళ్లు ఇద్దరూ ఉన్నారు, ఆ వాదన ఇక్కడ అక్కర్లేదు. 2009లో అది వచ్చినప్పటికే ఇన్నోవా దేశంలో నాలుగేళ్లుగా తిరుగుతోంది. రెండూ ఒకే మూలం మీద కట్టిన బండ్లు. ఇన్నోవా టాక్సీగా ఊరూరా తిరగడం వల్ల టయోటా డీజిల్ ఇంజిన్ విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ నరసన్నపేటలోనైనా బొబ్బిలిలోనైనా దొరుకుతాడు. విడిభాగాల సరఫరా ఆగుతుందనే బెంగ లేదు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిందంటే వేరే బండికి అది చివరి దశ అని భయపడేవాళ్లు, ఇన్నోవాకు అది సగం కూడా కాదని కళ్లారా చూసినవాళ్లు. ఆ ధైర్యం ఫార్చ్యూనర్‌కూ పాకింది. బొలెరో పల్లెల్లో ధర నిలుపుకోవడానికీ కారణం ఇదే. దానికి హంగులు తక్కువ, కానీ ఎక్కడ ఆగిపోయినా బాగు చేసేవారుంటారు.

ఇంకొక కారణాన్ని చాలామంది గుర్తించరు. 2009లో ఫార్చ్యూనర్ షోరూమ్ ధర 18 లక్షల పైచిలుకు. 2016 నవంబర్‌లో రెండో తరం వచ్చినప్పుడు దాదాపు 26 లక్షల నుంచి 31 లక్షల దాకా ఉంది. ఆ తర్వాత ఇంకా పెరిగింది. కొత్తది ఏటా ఖరీదవుతుంటే పాతది దానికి కట్టిన గాలిపటంలా వెంట లేస్తుంది. అందుకే ‘కొన్న ధరలో ఇంత శాతం వచ్చింది’ అనే లెక్కలు మనల్ని మోసం చేస్తాయి. అందులో కొంత బండి గొప్పతనం, కొంత కంపెనీ పెంచిన ధరల ఫలితం.

దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగేది డిస్కౌంట్లున్న బండ్లకు. అమ్మకాలు మందగించిన పెద్ద ఎస్‌యూవీ మీద డిసెంబర్‌లో రెండు, మూడు లక్షలు తగ్గిస్తే కొన్నవారు సంతోషిస్తారు. కానీ ఆ రోజు నుంచి పాత బండికి కొలమానం ఆ తగ్గించిన ధరే. జూన్‌లో పూర్తి ధరకు కొన్న పక్కింటాయనకు కూడా అదే వర్తిస్తుంది. డిస్కౌంట్ లేకుండా ఎదురుచూసి కొనాల్సిన బండి, డిస్కౌంట్ ఇచ్చి బతిమాలి అమ్మే బండి, ఈ తేడాను షోరూమ్‌లోనే గమనిస్తే ఐదేళ్ల తర్వాతి ధర చాలావరకు అర్థమవుతుంది.

ప్రభుత్వ పన్ను మారినా ఇలాంటి దెబ్బే తగులుతుంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారకముందు పెద్ద ఎస్‌యూవీ మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు కలిపి 50 శాతం పడేది. ఆ రోజు నుంచి అది 40 శాతం అయింది. ఫార్చ్యూనర్ మీద 3 లక్షల 49 వేల దాకా తగ్గింపు ప్రకటించారు. రేంజ్ రోవర్ మీద తగ్గింపు 30 లక్షలు దాటింది. కొత్తగా కొనేవాళ్లకు పండగే. ఆగస్టులో కొన్నవాళ్లకు మాత్రం బండి గేటు లోపల నిలబడి ఉండగానే విలువ అంత మేర పోయింది. నాలుగు మీటర్ల లోపు చిన్న బండ్ల మీద పన్ను 18 శాతానికి దిగడంతో రెండోసారి కొనేవారికి కొత్త చిన్న ఎస్‌యూవీ ఇంకా చవకైంది. పాత పెద్ద బండి మీద రెండు వైపుల నుంచీ ఒత్తిడి పడింది.

లైఫ్ ట్యాక్స్ సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే మన జిల్లాలు రాష్ట్రం అంచున ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి పది లక్షలు దాటిన కార్లకు 17 శాతం, ఇరవై లక్షలు దాటితే 18 శాతం లైఫ్ ట్యాక్స్ ఉంది. 24 లక్షల షోరూమ్ ధర ఉన్న బండికి ఆ లెక్కన 4 లక్షల 32 వేలు. ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, యాక్సెసరీలు కలిపితే ఆన్ రోడ్ ధర ముప్పై లక్షల దరిదాపుల్లోకి వస్తుంది. మనసులో ముప్పై లక్షల బండి అనే గుర్తుంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం విలువను షోరూమ్ ధర మీదే కడుతుంది. వాళ్ల పట్టిక ప్రకారం ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 50 శాతం తరుగు. బేరం దగ్గర కూర్చున్నప్పుడు అమ్మేవారు ఆన్ రోడ్ ధర నుంచి, కొనేవారు షోరూమ్ ధర నుంచి లెక్క మొదలుపెడతారు. ఇద్దరి మధ్య ఆరు లక్షల తేడా మాట మొదలవకముందే ఉంది.

ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్ల ప్రాంతం. చుట్టరికాలు, వ్యాపారాలు, ఆసుపత్రులు అన్నీ అటే. పాత బండి అమ్మకం మాత్రం ఆ గీత దాటడం కష్టం. ఒడిశాలో కొనే మనిషి ఇక్కడి ఆర్‌టీఓ దగ్గర ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెప్పించుకోవాలి, అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి మళ్లీ పన్ను కట్టాలి. పెద్ద బండికి పన్ను కూడా పెద్దదే కాబట్టి ఆ సొమ్మంతా అమ్మేవారి ధరలోంచే కోసుకుంటారు. చిన్న మారుతి కారుకు ఊళ్లోనే పదిమంది గిరాకీ ఉంటారు కనుక ఈ గీత దానికి అడ్డు కాదు. పెద్ద ఎస్‌యూవీ కొనగలవాళ్లు చుట్టుపక్కల కొద్దిమందే. ఆ కొద్దిమందిలో సగం మందిని రాష్ట్ర సరిహద్దు తీసేస్తుంది. శ్రీకాకుళం ఉత్తర మండలాల వాళ్లు పెద్ద బండి కొనే ముందు ఈ విషయం ఆలోచించడం చాలా అవసరం.

హైదరాబాద్ నుంచి, ఢిల్లీ నుంచి చవకగా తెచ్చే బండ్ల కథ దీనికి రెండో వైపు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2015 డిసెంబర్‌లో అయితే 2000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్‌నే అక్కడ సుప్రీంకోర్టు ఆపేసింది. ఒక శాతం సెస్సు షరతుతో 2016 ఆగస్టులో ఆ నిషేధం ఎత్తేశారు. మధ్యలో మహీంద్రా స్కార్పియో, ఎక్స్‌యూవీ500లకు 1.99 లీటర్ల ఇంజిన్ ప్రత్యేకంగా తయారు చేసి అమ్మాల్సి వచ్చింది. ఆ నిబంధనల తర్వాత ఢిల్లీ నుంచి పెద్ద డీజిల్ బండ్లు తక్కువ ధరకు బయటి రాష్ట్రాలకు రావడం మొదలైంది. ఫోటోల్లో ధర చూస్తే కళ్లు చెదురుతాయి. ఇక్కడికి తెచ్చాక పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే మన రాష్ట్ర రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే, వయసును బట్టి కొంత తగ్గించినా లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. ఆ లెక్క కలిపితే చవకలో చాలా భాగం ఆవిరవుతుంది. అయినా ఆ ధరలు సెల్‌ఫోన్లలో తిరుగుతుండటం వల్ల స్థానికంగా అమ్మేవారి బేరం బలహీనపడుతుంది. ‘ఢిల్లీలో ఇదే బండి ఆరు లక్షలకే ఉంది’ అనే మాటకు సమాధానం చెప్పడం ఎవరికైనా కష్టమే.

కంపెనీయే దేశం వదిలిపోతే ఇక చెప్పక్కర్లేదు. జనరల్ మోటార్స్ 2017 చివరికి ఇక్కడ షెవర్లే అమ్మకాలు ఆపేసింది, ట్రెయిల్‌బ్లేజర్ వచ్చి అప్పటికి రెండేళ్లే. 2021 సెప్టెంబర్ 9న ఫోర్డ్ ఇక్కడ తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. ఎండీవర్‌ను ప్రేమించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, బాగా చూసుకున్న బండికి వాళ్లు మంచి ధర ఇస్తారు. కానీ అలాంటి అభిమాని విశాఖలోనో హైదరాబాద్‌లోనో దొరకాలి. అమ్మే బండి పాలకొండలో ఉంటే ఆయన కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. అల్టురాస్ కథ మరీ విచారకరం. కంపెనీ ఇక్కడే ఉంది, షోరూమ్ ఊళ్లోనే ఉంది. కానీ కొరియా శాంగ్‌యాంగ్ అప్పుల్లో కూరుకుపోయి చేతులు మారింది, ఈ ఒక్క మోడల్ 2022లో ఆగిపోయింది. విడిభాగాలు ఇంకెన్నాళ్లు వస్తాయో అనే అనుమానం ఒక్కటి చాలు, మంచి బండి ధర కూలిపోవడానికి.

డీజిల్ పొగను వడకట్టే ఫిల్టర్ గురించి కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక పెద్ద డీజిల్ బండ్లన్నింటిలో డీపీఎఫ్ అనే ఈ ఫిల్టర్ ఉంటోంది. అందులో పేరుకున్న మసి తనంతట తాను కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి బ్యాంకుకు రెండేసి కిలోమీటర్లు తిప్పితే ఫిల్టర్ మూసుకుపోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది, టెన్షన్ మొదలవుతుంది. తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి మంచిదనే పాత సూత్రం ఇక్కడ పనిచేయకపోవచ్చు. జాతీయ రహదారి మీద రోజూ తిరిగిన లక్ష కిలోమీటర్ల బండి, పట్టణంలోనే నలిగిన ముప్పై వేల కిలోమీటర్ల బండి కన్నా ఆరోగ్యంగా ఉండొచ్చు. సముద్రం పక్కన ఉప్పుగాలికి అడుగుభాగం తుప్పు పట్టడం, 2018 అక్టోబర్ తిత్లీ లాంటి తుపాన్లలో నీట మునగడం కూడా మన వైపు బండ్లకు ఉన్న బాధలే. ఎలక్ట్రానిక్స్ ఎంత ఎక్కువుంటే నీళ్లు చేసే నష్టం అంత ఎక్కువ.

కోటి రూపాయల జర్మన్, బ్రిటిష్ ఎస్‌యూవీల్లో పైన చెప్పినవన్నీ ఒకేచోట కలుస్తాయి. ఎయిర్ సస్పెన్షన్‌లో ఒక భాగం పోతే వచ్చే బిల్లుతో పాత మోటార్ సైకిళ్లు రెండు కొనొచ్చు. కొత్త ఎలక్ట్రిక్ పెద్ద బండ్లలో ఇంకో మెలిక ఉంది. బ్యాటరీకి జీవితకాల వారంటీ అని కొన్ని కంపెనీలు చెబుతున్నది మొదటి యజమానికి మాత్రమే. పేరు మారితే వారంటీ పరిమితమవుతుంది. రెండోసారి కొనేవారు మొదట అడిగే ప్రశ్నకు సమాధానం కాగితం మీదే ఉందన్నమాట.

ఇదంతా చదివి పెద్ద బండి కొనకూడదని అనుకోనక్కర్లేదు. పన్నెండు, పదిహేనేళ్లు తానే నడిపేవారికి రీసేల్ లెక్క దాదాపు అక్కర్లేదు. నాలుగేళ్లకోసారి మార్చేవారికి మాత్రం అదే అన్నిటికన్నా పెద్ద ఖర్చు, డీజిల్ కన్నా పెద్దది. అలాంటివారు సన్‌రూఫ్, తెరలు, రాడార్ హంగులున్న టాప్ మోడల్ బదులు మధ్య మోడల్ తీసుకోవడం మేలు. హంగులకు పెట్టిన ఐదారు లక్షల్లో రెండోసారి కొనేవారు కొద్దిగానే తిరిగిస్తారు. అమ్మాలనుకుంటే కంపెనీ వారంటీ ఇంకా ఏడాది మిగిలి ఉండగా అమ్మాలి. కొనేవారి భయానికి మందు ఆ మిగిలిన వారంటీయే, సర్వీస్ రికార్డు మొత్తం చేతిలో ఉండటమే.

విశాఖకు దగ్గరగా ఉండి, హైవే మీద ఎక్కువ తిరిగే పని ఉన్న విజయనగరం వాళ్లకు, ఈ పడిపోయిన ధరలు నిజంగా మంచి అవకాశం. మూడు, నాలుగేళ్ల వయసున్న బండి, కంపెనీ ఇంకా దేశంలో ఉన్నది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర శుభ్రంగా ఉన్నది చూసి, కొన్న ధర కాక మొదటి రెండేళ్ల మరమ్మతులకు రెండు లక్షలైనా పక్కన పెట్టుకుని దిగితే, మొదటి యజమాని భరించిన నష్టం వీళ్లకు లాభమవుతుంది. ఆ రెండు లక్షలు లేకుండా దిగడమే ప్రమాదం.

మార్కెట్ లేని బండ్ల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. నెలల తరబడి అమ్ముడుపోని బండిని చివరికి ఎవరో ఒక బ్రోకర్‌కు, సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలతో అప్పగించేస్తుంటారు. అక్కడి నుంచి అది ఎన్ని చేతులు మారుతుందో తెలియదు, ఆర్‌సీలో మాత్రం పాత పేరే ఉంటుంది. ఆర్‌సీలో పేరున్నవారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదే అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, అనుమతి పొందిన డీలర్‌కు బండి అప్పగిస్తే ఆ సంగతిని ఫారం 29సీ ద్వారా పోర్టల్‌లో నమోదు చేయొచ్చు, అప్పటి నుంచి బాధ్యత డీలర్ మీదికి వెళుతుంది. ఆ అనుమతి లేనివారికి బండి ఇస్తే, పేరు మారిన ఆర్‌సీ కళ్లతో చూసేదాకా ఇన్సూరెన్స్ ఆగిపోనివ్వకూడదు. లోను తీరిన బండికైతే బ్యాంకు పేరు ఆర్‌సీ నుంచి తీయించి ఉంచడం మంచిది. కొనేవారు దొరికాక ఆ కాగితం కోసం తిరగడం మొదలుపెడితే, దొరక్క దొరక్క దొరికిన ఆ ఒక్క బేరం ఈలోగా ఇంకో బండి చూసుకుంటుంది.